సోలెనాయిడ్ మార్చే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నడుస్తున్న డీజిల్ బండి వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోతోందనీ, కాసేపు ఆగితే ఏ రిపేరూ చేయకుండానే మళ్ళీ స్టార్ట్ అవుతోందనీ, డీజిల్ పంపు మీది షట్‌డౌన్ సోలెనాయిడ్‌ను (కరెంటుతో డీజిల్ దారిని తెరిచి మూసే భాగాన్ని) మార్చినా గుణం కనిపించలేదనీ రాశావు. కొలవకుండా మార్చడమే అక్కడ జరిగిన పొరపాటు. అది నేనూ చేసినవాడినే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా నీ బండి ఏ పద్ధతిదో తేల్చుకో. కొన్నిటిలో సోలెనాయిడ్‌కు కరెంటు అందుతున్నంతసేపే డీజిల్ దారి తెరుచుకుని ఉంటుంది. కరెంటు తెగగానే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. మరికొన్నిటిలో ఇంజన్‌ను ఆపడానికి మాత్రమే కరెంటు ఇస్తారు. వైరు తెగితే మొదటి రకం నడవదు, రెండో రకం ఆగదు. నీది మొదటి రకమనే నా ఊహ. అయితే రెండో రకంలో కూడా ఎక్కడో ఒరుసుకున్న లైవ్ వైరు నుంచి కరెంటు చొరబడితే బండి ఇలాగే ఆగుతుంది గనుక, కీ తిప్పినప్పుడు, తీసినప్పుడు సోలెనాయిడ్ దగ్గర కరెంటు ఎలా ఉందో చూసుకోనిదే ముందుకు వెళ్ళకు. చక్రాలకు అడ్డు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజన్‌ను చేత్తో ఆపే లివర్ ఉంటే అది ఎక్కడుందో చూసుకున్నాకే పని మొదలుపెట్టు.

తరువాత తేల్చవలసింది, లోపం కరెంటుదా, డీజిల్‌దా అన్నది. సోలెనాయిడ్ టెర్మినల్ నుంచి, దాని బాడీ నుంచి రెండు పొడవాటి వైర్లు లాగి, లైవ్ వైరుకు చిన్న ఫ్యూజ్ వేసి, డ్రైవర్‌కు కనిపించేటట్టు ఒక చిన్న బల్బు కట్టు. బల్బు ఎర్త్‌ను, అంటే కరెంటు తిరిగి వెళ్ళే వైరును, బ్యాటరీ నుంచి తీసుకోకు. అలా తీసుకుంటే సోలెనాయిడ్ ఎర్త్ పోయినా బల్బు వెలుగుతూనే ఉండి నిన్ను దారి తప్పిస్తుంది. ఇక బండి ఆగేదాకా నడిపించు. ఇంజన్‌తో పాటే బల్బు కూడా ఆరితే లోపం వైరింగ్‌లో ఉన్నట్టు. ఇంజన్ తడబడుతూ ఆగుతున్నా బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే ఫిల్టరు, డీజిల్ లైనులో గాలి, ఆ తరువాత సోలెనాయిడ్ లోపలి కాయిల్ (తీగచుట్ట) చూడు. కంప్యూటర్ నడిపే కొత్త బండ్ల వైర్లకు మాత్రం ఇలా బల్బు పెట్టకూడదు. వాటికి మీటరే వాడాలి.

మీటరు కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. ఒకసారి నేను కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) విప్పి, వైరు వైపు మీటరు పెడితే 12.4 వోల్టులు చూపించింది. కరెంటు బాగానే వస్తోందనుకుని సోలెనాయిడ్ మార్చాను, బండి మళ్ళీ ఆగింది. చివరికి వైరు మీది తొడుగు చీల్చి చూస్తే లోపల రాగి అంతా చిలుము పట్టి, ఒకే ఒక్క పోగు మిగిలి ఉంది. మీటరు తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ కనుక ఆ పోగు దానికి సరిపోయింది. సోలెనాయిడ్ పట్టి ఉంచడానికి సరిపోలేదు. అదే చోట 21 వాట్ల బ్రేక్ లైటు బల్బు పెట్టి ఉంటే అప్పుడే తేలిపోయేది.

కాబట్టి కప్లర్ విప్పకుండా, సోలెనాయిడ్ పనిచేస్తుండగానే కొలువు. మీటరు ఒక కొనను బ్యాటరీ పాజిటివ్‌కు, రెండోదాన్ని సోలెనాయిడ్ లైవ్ టెర్మినల్‌కు పెడితే వచ్చే వోల్టేజే దారిలో పోతున్న నష్టం. అది అర వోల్టు దాటితే ఫ్యూజ్, కీ స్విచ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), కప్లర్లను ఒక్కొక్కటిగా దాటుతూ నష్టం ఎక్కడ పెరుగుతోందో పట్టుకో. సోలెనాయిడ్ బాడీ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు కొలిచినప్పుడు 0.2 వోల్టులు దాటితే ఎర్త్ బోల్టు విప్పి, లోహం మెరిసేదాకా గీకు. బోల్టు కింద పెయింట్ ఉండడం నేను చాలాసార్లు చూశాను.

రిలేలో 30, 87 నంబర్ల టెర్మినళ్ళ మధ్య నడిచేది సోలెనాయిడ్ కరెంటు, 85, 86 మధ్య ఉండేది రిలే కాయిల్. బండి ఆగినప్పుడు కాయిల్‌కే కరెంటు లేకపోతే ఆయిల్ ప్రెషర్ స్విచ్ లేదా టెంపరేచర్ స్విచ్ దాన్ని తెంచుతున్నాయేమో చూడు. ఆ స్విచ్‌ల వైర్లను నేరుగా కలిపేసి బండి పంపించేయకు. వేరే గేజ్ పెట్టి ఆయిల్ ప్రెషర్ చూడనిదే తప్పు స్విచ్‌దని చెప్పలేం.

నీ సోలెనాయిడ్‌లో రెండు కాయిల్స్ ఉంటే ఇంకొక సంగతి. లాగే కాయిల్ పెద్ద కరెంటు తీసుకుంటుంది, పట్టి ఉంచే కాయిల్‌కు ఒక ఆంపియర్ అటూ ఇటూ చాలు. సోలెనాయిడ్‌ను పంపుకు కలిపే రాడ్డు పొడవు సరిగా కుదరక ప్లంజర్ (కాయిల్ లోపలికి లాగే ఇనుప కడ్డీ) చివరిదాకా వెళ్ళకపోతే పట్టి ఉంచే బలం చాలదు. కొన్ని రకాల్లో లాగే కాయిల్‌కు కరెంటు తెగక అది వేడెక్కి కాలిపోతుంది కూడా. కొత్తది బిగించినప్పుడు రాడ్డు సరిచేశావో లేదో నీ ఉత్తరంలో లేదు.

బండి వేడిగా ఉన్నప్పుడే ఆగుతోంది కాబట్టి చల్లటి ఇంజన్ మీద కొలిచి ఏమీ దొరకలేదనుకోకు. వేడి మీద, కప్లర్లను ఒక్కొక్కటిగా కదుపుతూ బల్బు మిణుకుతుందేమో చూడు. బండి ఆగిన క్షణాన బల్బు ఏం చేసిందో, లైవ్ వైపు, ఎర్త్ వైపు వచ్చిన రీడింగులతో సహా రాసి పంపు. అప్పటిదాకా మరో సోలెనాయిడ్ కొనవద్దు.