టెక్ సందేహాలు: రాత్రి షిఫ్ట్ గంటలకు బదులు హ్యాష్ గుర్తులు

ప్రశ్న: కూకట్‌పల్లిలోని ఒక ల్యాబ్‌లో 30 మంది సిబ్బందికి డ్యూటీ రోస్టర్ నేనే ఎక్సెల్‌లో వేస్తాను. ప్రతి గడిలోనూ షిఫ్ట్ వేళలు టైప్ చేయాల్సి వస్తోంది. రాత్రి షిఫ్ట్ గంటల దగ్గర హ్యాష్ గుర్తులు తప్ప ఏమీ కనిపించడం లేదు. మార్గం చెప్పగలరా?
– ఒక పాఠకురాలు

జవాబు: ప్రతి గడిలోనూ టైప్ చేయాల్సి రావడం వేళలను రోస్టర్‌లోనే రాయడం వల్ల వచ్చిన చిక్కు. వేళలకు వేరే షీట్‌లో ఒక పట్టిక వేసి, మొదటి నిలువు వరుసలో షిఫ్ట్ కోడ్, ఆ పక్కన ప్రారంభ, ముగింపు వేళలు రాయండి. ఉదయానికి ‘ఉ’, మధ్యాహ్నానికి ‘మ’, రాత్రికి ‘రా’ అని తెలుగులోనే పెట్టుకోవచ్చు. పట్టికను ఎంచుకుని కంట్రోల్, టీ కలిపి నొక్కితే అది టేబుల్‌గా మారుతుంది. ఫార్ములాల్లో ఆ టేబుల్ పేరే వాడితే, తర్వాత చేర్చే షిఫ్టులు కూడా వాటిలోకి వస్తాయి.

ఇక రోస్టర్‌లో కోడ్ ఒక్కటే ఉంటుంది. దాని వేళలను ఎక్స్‌లుకప్ వెతికి తెస్తుంది. ఈ ఫంక్షన్ ఎక్సెల్ 2021లోనూ మైక్రోసాఫ్ట్ 365లోనూ ఉంది. మీది 2016 లేదా 2019 అయితే వీలుకప్ వాడండి, కానీ చివర ‘ఫాల్స్’ అని రాయడం మరవద్దు. అది లేకపోతే వీలుకప్ దగ్గరి విలువతో సరిపెట్టుకుని, తప్పు వేళను ఒప్పులాగే చూపిస్తుంది. నా దృష్టిలో ఎర్రర్ వచ్చినా నయమే, కనీసం కంటపడుతుంది. కోడ్ పక్కన ఒక స్పేస్ పడినా వెతుకులాట విఫలమవుతుంది కాబట్టి, రోస్టర్ గడులకు డేటా వ్యాలిడేషన్‌లో లిస్ట్ పెట్టండి, అప్పుడు కోడ్‌ను టైప్ చేయకుండా జాబితాలోంచి ఎంచుకోవచ్చు.

హ్యాష్ గుర్తుల సంగతికొస్తే, ఎక్సెల్‌కు ఒక రోజు అంటే 1. ఉదయం 6 గంటలు 0.25, రాత్రి 10 గంటలు సుమారు 0.917. రాత్రి 10కి మొదలై ఉదయం 6కు ముగిసే షిఫ్ట్‌లో ముగింపులోంచి ప్రారంభాన్ని తీసేస్తే మైనస్ వస్తుంది, మైనస్ సమయాన్ని ఎక్సెల్ చూపలేదు. ఆ తీసివేతను, భాగహారంలో శేషాన్ని ఇచ్చే మాడ్ ఫంక్షన్‌లో ఉంచి, భాజకంగా 1 ఇస్తే సరిగ్గా 8 గంటలు వస్తాయి. వారం మొత్తానికి మాత్రం ఫార్మాట్‌లో గంటల అక్షరం ‘హెచ్’ను చతురస్ర బ్రాకెట్లలో పెట్టాలి, లేకుంటే ఆరు షిఫ్టుల 48 గంటలు సున్నాగా కనిపిస్తాయి.

రంజాన్ నెలలో ఎవరికైనా గంట ముందుగా వెళ్లే వెసులుబాటు ఇస్తే, పట్టికలో ‘మ’ వేళలను దిద్దకండి. దిద్దితే గడిచిన నెలల లెక్కలూ మారిపోతాయి. ‘మ2’ అని కొత్త వరుస చేర్చి, ఆ నెలకు ఆ కోడ్‌నే వాడండి.