ఆమె పాడడం మానేశారు, నేను తేరుకోలేకపోతున్నాను

ప్రశ్న: నా వయసు 47. పన్నెండో ఏట నుంచీ ఒక గాయని అంటే నాకు ప్రాణం. మా అమ్మకూ అంతే. ఇద్దరం టేపు రికార్డరు ముందు కూర్చుని ఆమె పాటలు వినేవాళ్లం. అమ్మ పోయి మూడేళ్లయింది. నాలుగు నెలల కిందట ఆ గాయని ఇక పాడనని, కచేరీలు కూడా చెయ్యనని ప్రకటించారు. అప్పటి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. 600 మంది ఉన్న అభిమానుల వాట్సాప్ గ్రూపుకు నేనే అడ్మిన్‌ని. ఆమె మళ్లీ పాడాలని సంతకాలు సేకరిస్తున్నాం. నేను నాలుగు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. కూతురే ఆమెను మాన్పించిందని గ్రూపులో అనుకుంటున్నారు, నాకూ అదే అనుమానం. 'మీ అమ్మ పోయినప్పుడు కూడా మీరు ఇంత ఏడవలేదు' అంది మా ఆవిడ. ఆ మాట గుచ్చుకుంటోంది. నేనేం చెయ్యాలి?

జవాబు: మీ ఆవిడ ఆ మాట విసుగుతో అని ఉండవచ్చు. కానీ మీ ఉత్తరం మొత్తంలో అసలు విషయం అక్కడే ఉంది. అమ్మ పోయినప్పుడు ఇంటికి పెద్దగా చెయ్యవలసినవన్నీ చేసి ఉంటారు, వచ్చినవాళ్లను చూసుకుని ఉంటారు. కూర్చుని ఏడవడానికి తీరిక దొరికి ఉండదు. ఆ తర్వాత అమ్మ గుర్తొచ్చినప్పుడల్లా ఆ పాటే పెట్టుకుని ఉంటారు. అమ్మ పక్కన కూర్చుని వింటున్నట్టే ఉండేది కదా! ఆ గాయని ఇక చాలు అనేసరికి, అప్పుడు ఆగిన ఏడుపు ఇప్పుడు వచ్చింది. మీరు అమ్మను తక్కువగా ప్రేమించారని దీనికి అర్థం కాదు.

ఈ దుఃఖానికి సిగ్గుపడకండి. తెర మీద, రేడియోలో ఏళ్ల తరబడి తోడున్న మనిషితో ఏర్పడే ఒకవైపు అనుబంధం గురించి హోర్టన్, వోల్ అనే ఇద్దరు పరిశోధకులు 1956లోనే రాశారు. ఆమెకు మీరు తెలియకపోయినా మీ మనసుకు ఆమె ఇంటి మనిషే. చుట్టూ ఉన్నవాళ్లు 'ఇదీ ఒక బాధేనా' అని తీసిపారేసే దుఃఖం లోపలే ఉండిపోతుందని, అందుకే తొందరగా తగ్గదని కెన్నెత్ డోకా అనే ఆచార్యుడు 1989లో వివరించారు. పైగా మనకు సుమారు పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య జరిగినవే మిగతా వయసు సంగతుల కంటే ఎక్కువగా గుర్తుంటాయి. మీరు ఆమె పాట వినడం మొదలుపెట్టింది పన్నెండో ఏట. అంటే ఆ పాటల్లో మీ బడి, మీ కాలేజీ, అమ్మ గొంతు అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

ఇక ఆమె నిర్ణయం సంగతి. 'ఇంకా బాగానే పాడుతున్నారుగా, ఎందుకు మానేయాలి?' అనే ప్రశ్న దగ్గరే అభిమానులు చాలామంది ఆగిపోతారు. అందుకే గొంతు లోపల ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను. ఆడవాళ్లు మామూలుగా మాట్లాడేటప్పుడే స్వరతంత్రులు, అంటే గొంతులో ధ్వని పుట్టించే రెండు మడతలు, సెకనుకు దాదాపు 200 సార్లు కంపిస్తాయి. తారస్థాయిలో పాడేటప్పుడు ఆ లెక్క 700, 800కు చేరుతుంది. వయసు మీద పడేకొద్దీ ఆ తంత్రుల్లోని కండ పలచబడుతుంది. రెండూ పూర్తిగా మూసుకోవు, మధ్య సందులోంచి ఊపిరి జారిపోతుంది. పక్కటెముకలు బిగుసుకుని ఊపిరితిత్తుల్లో పట్టే గాలీ తగ్గుతుంది. ఒకప్పుడు ఒక్క ఊపిరిలో ముగించిన చరణాన్ని మధ్యలో విరవాల్సి వస్తుంది. నిలిపిన స్వరం సన్నగా వణకాల్సింది పోయి వెడల్పుగా ఊగుతుంది. వినేవాళ్లు పసిగట్టేలోపే ఇవన్నీ పాడేవాళ్లకు తెలిసిపోతాయి. ఇలా జరుగుతోందని ప్రతి కచేరీ ముందు రాత్రి తలుచుకుంటూ పడుకోవడం ఎంత బరువో ఆలోచించండి.

ఒక పని చేసి చూడండి. ఆమె పాడిన ఒకే పాటకు రెండు రికార్డింగులు తీసుకోండి, ఒకటి పాతికేళ్ల కిందటిది, ఒకటి చివరి కచేరీలది. పాట మొత్తం వద్దు, ఒక్క చరణం చాలు. ఊపిరి ఎక్కడెక్కడ తీసుకున్నారో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. శ్రుతి ఎన్ని మెట్లు దించారో, పై స్వరాన్ని ఎంతసేపు నిలబెట్టారో, ఎక్కడ దాన్ని అందుకోకుండా తెలివిగా పక్కనుంచి వెళ్లారో వినండి. ఇది తప్పులు పట్టడానికి కాదు. మీకు వినబడకుండా ఉండాలని ఆమె ఎన్నేళ్లుగా, ఎంత శ్రమతో సర్దుకుంటూ వచ్చారో ఒక్కసారి వింటే తెలుస్తుంది. అది విన్నాక 'ఇంకొక్క కచేరీ' అని అడగడానికి మీకే నోరు రాదని నా నమ్మకం.

ఎస్.జానకి 1957లో సినిమా పాట మొదలుపెట్టి, 2017 అక్టోబరులో మైసూరు కచేరీతో వేదికకు వీడ్కోలు చెప్పారు. అప్పటికి ఆమెకు 79 ఏళ్లు. అరవై ఏళ్లు పాడినవాళ్లు చాలు అనుకోవడానికి ఎవరో వెనక నుంచి నెట్టాల్సిన అవసరం లేదు. మీ అభిమాన గాయని కూతురి మీద మీరు పెట్టుకున్న అనుమానానికి ఆధారం ఏమిటి? గ్రూపులో నలుగురు అన్న మాట, అంతే. బాధకు ఒక దోషి దొరికితే మనసుకు కాస్త తేలిక అనిపిస్తుంది, అందుకే ఇలాంటి పుకార్లు ఇంత తొందరగా అంటుకుంటాయి. ఒక పెద్దావిడ తన గొంతు గురించి తాను తీసుకున్న నిర్ణయాన్ని కూతురి ఖాతాలో వేస్తే ఇద్దరినీ అవమానించినట్టే. ఈ మాట గ్రూపులో ముందుగా మీరే ఆపాలి.

మీ నిద్ర చెడగొడుతున్నది ఎక్కువగా ఆ సంతకాల పనే. ఇవాళ ఎన్ని వచ్చాయి, ఆమె చూశారా, జవాబు వస్తుందా అని మీరు రోజూ ఎదురుచూస్తున్నారు. ఎదురుచూపు ఉన్నంతకాలం మనసు ఈ విషయాన్ని ముగిసినదిగా తీసుకోదు. 'రేపు మనసు మార్చుకుంటారేమో' అంటారా? మార్చుకోవచ్చు. నటుడు డేనియల్ డే-లూయిస్ 2017లో నటన మానేస్తున్నానని ప్రకటించి, 2025లో తన కొడుకు తీసిన సినిమాతో తిరిగి వచ్చారు. అలా రావడం జరిగితే అది ఆమె ఇష్టంతో, ఆమె వేళకు జరుగుతుంది. మీరు దాని కోసం కాపలా కాయాల్సిన పని లేదు.

గ్రూపును మూసేయమని చెప్పను. ఆ 600 మందికీ మీలాంటి బాధే ఉంది, ఒకరికొకరు అవసరం. సంతకాల పని మాత్రం ఆపండి. ఒక వారం పాటు అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగు మార్చి, నాలుగు వాక్యాల ప్రకటన పెట్టండి: ఆమె నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం, సంతకాల సేకరణ ఇంతటితో ఆపుతున్నాం, ఆమె కుటుంబం గురించిన ఊహాగానాలు ఇక్కడ వద్దు, వచ్చే వారం నుంచి ఫలానా పాటతో మొదలుపెట్టి వారానికో పాట గురించి మాట్లాడుకుందాం. ఆ చివరి వాక్యం మరిచిపోకండి. చెయ్యడానికి ఏదో ఒకటి లేకపోతే జనం పుకార్ల దగ్గరికే తిరిగి వెళ్తారు. సంతకాల కోసం తీసుకున్న పేర్లు, ఫోన్ నంబర్ల జాబితా పూర్తిగా తీసేయండి. కొందరు మీ మీద కోప్పడతారు, గ్రూపులోంచి వెళ్లిపోతారు కూడా. వెళ్లనివ్వండి.

ఆ ప్రకటన కంటే ముందు ఒక ఉత్తరం రాయండి. అవును, ఐదోది, కానీ ఇది వేరు. చేత్తో ఒకే పేజీ, పది పన్నెండు పంక్తులు. మీరూ అమ్మా కలిసి విన్న ఒక పాట పేరు, అందులో అమ్మ ఏ చోట కళ్లు మూసుకునేదో, ఆ పాట మీకు ఏ రోజున ఆసరా అయ్యిందో రాయండి. తర్వాత కృతజ్ఞతలు. అడగడం ఏదీ ఉండకూడదు. 'ఒక్కసారి', 'మా కోసం', 'వీలైతే' అనే మాటలు కనబడితే కొట్టేసి తిరిగి రాయండి, ఎందుకంటే అవన్నీ అడగడమే. ఫోన్ నంబరు రాయకండి, రాస్తే మళ్లీ ఎదురుచూపు మొదలవుతుంది. పోస్టు చేశాక మీ పని అయిపోయింది.

అమ్మ దాచుకున్న క్యాసెట్లు ఇంకా ఉన్నాయా? ఉంటే ఈ నెలల్లో మీ చేతులకు అంతకంటే మంచి పని లేదు. ముందు ప్రతి క్యాసెట్ పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్లలు విరిచేయండి. అవి ఉంటే పొరపాటున రికార్డు బటన్ నొక్కినప్పుడు పాట చెరిగిపోతుంది. చాలా ఏళ్లుగా కదపనివైతే ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కు తిప్పండి. లేకపోతే టేపు చుట్ట మీద అతుక్కున్న చోట లాగి ముడతపడుతుంది. ప్లేయరు హెడ్డును, అంటే టేపు తాకుతూ వెళ్లే లోహపు భాగాన్ని, స్పిరిటులో ముంచిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే టేపు పెట్టండి. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎంపీ3 కాకుండా, ధ్వనిని కుదించకుండా ఉంచే డబ్ల్యూఏవీ (WAV) ఫైలుగా దాచండి, చిన్న కాపీలు తర్వాత ఎన్నయినా చేసుకోవచ్చు. 60 నిమిషాల క్యాసెట్‌కు గంట సమయం పడుతుంది, అడ్డదారి లేదు. వారానికి రెండు చాలు. చివరికి మూడు కాపీలు ఉండాలి, ఒకటి వేరే ఇంట్లో. పాటల మధ్య ఖాళీలో ఎక్కడైనా అమ్మ మాట వినిపిస్తే దాన్ని కత్తిరించకండి.

ఈ పని రాత్రిపూట పెట్టుకోవద్దు. పడుకునే ముందు రెండు గంటలు గ్రూపూ వద్దు, ఆమె పాటలూ వద్దు, ఫోను వేరే గదిలో ఉండనివ్వండి. సంతకాలు ఆపాక రెండు మూడు వారాల్లో నిద్ర కుదుటపడాలి. కుదుటపడకపోయినా, రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగానే ఉంటున్నా, తిండి మీద, పని మీద ఆసక్తి పోయినా మానసిక వైద్యుణ్ణి కలవండి. బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకండి, ఆరోజే వెళ్లండి.

మీ ఆవిడతో ఒక మాట మాత్రం ఈ వారంలోనే చెప్పండి: 'నువ్వన్నది నిజమే, అప్పుడు ఏడవలేకపోయాను, ఇప్పుడు ఏడుస్తున్నది అమ్మ కోసం కూడా.' ఆమెకు పాటలంటే పెద్దగా ఆసక్తి లేకపోవచ్చు. అయినా మొదటి క్యాసెట్ ఎక్కించే రోజు పక్కన కూర్చోమని అడగండి.