ఎంఆర్ఐలో కొత్త మచ్చల్లేవు, మరి నడక ఎందుకు పాడవుతోంది?

ప్రశ్న: మా అక్కకి 41 ఏళ్లు. పదేళ్ల కిందట మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేలింది, ఇంజెక్షన్లు వాడుతున్నాం. మూడేళ్లుగా ఎటాక్ రాలేదు, మొన్నటి ఎంఆర్ఐలో కొత్త మచ్చల్లేవన్నారు. కానీ కుడికాలు ఈడ్చుకుంటూ నడుస్తోంది, వీధి చివరిదాకా కూడా వెళ్లలేకపోతోంది. గ్లియల్ సెల్స్ వల్ల లోపల ఇన్‌ఫ్లమేషన్ నడుస్తోందని డాక్టరుగారు అన్నారు, మాకేం అర్థం కాలేదు. మళ్లీ స్టీరాయిడ్ పెట్టిస్తే తగ్గుతుందా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రిపోర్ట్ బాగానే ఉందిగా, ఇంకేంటి నీ బాధ అని ఇంట్లో ఎవరైనా అక్కని అంటుంటే ముందు అది ఆపించండమ్మా. ఆవిడ చెప్పేది నిజం.

ఎటాక్ అంటే రక్తంలోని టి సెల్స్, బి సెల్స్ అనే తెల్ల రక్తకణాలు మెదడులోకి దూరి నరాల మీది మైలిన్ పొరని దెబ్బతీయడం, ఎంఆర్ఐలో కొత్త మచ్చ అని రాసేది దాన్నే, మన ఇంజెక్షన్లు ఎక్కువగా ఆపేదీ దాన్నే. మీ డాక్టరు చెప్పింది వేరే. మెదడులో న్యూరాన్లని కనిపెట్టుకుని ఉండే సపోర్ట్ సెల్సే గ్లియల్ సెల్స్, వాటిలో మైక్రోగ్లియా కాపలావాళ్ల లాంటివి, పిండంగా ఉన్నప్పుడే మెదడులో చేరి చెత్త ఏరేస్తూ, క్రిములొస్తే పట్టుకుంటూ అక్కడే ఉండిపోతాయి. ఎంఎస్‌లో కొన్ని పాత మచ్చల అంచున ఇవి ఏళ్ల తరబడి రెచ్చిపోయే ఉంటాయి, వాటిలో ఐరన్ పేరుకుంటుంది, ఎస్‌డబ్ల్యూఐ అనే స్కాన్‌లో మచ్చ చుట్టూ నల్లటి రింగులా కనిపించేది అదే. అడిగి తీయించకపోతే ఇది మామూలు రిపోర్టులో రాదు. పైగా ఇవి పక్కనున్న ఆస్ట్రోసైట్లనే మరో రకం గ్లియల్ సెల్స్ని కూడా చెడగొడతాయి. 2017లో స్టాన్‌ఫర్డ్‌లో బెన్ బారెస్ అనే సైంటిస్టు టీమ్ చూపించిందేంటంటే మైక్రోగ్లియా వదిలే ఐఎల్-1 ఆల్ఫా, టీఎన్ఎఫ్, సి1క్యూ అనే మూడు ప్రోటీన్లూ కలిస్తే ఆస్ట్రోసైట్లు వాటి పని మానేసి న్యూరాన్లనీ, మైలిన్ తయారుచేసే సెల్స్‌నీ చంపే రకంగా మారిపోతాయి.

స్టీరాయిడ్ వద్దు. ఎటాక్ వస్తే మిథైల్ ప్రెడ్నిసొలోన్ రోజుకో గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు పెడతాం, ఇలా మెల్లగా ముదిరేదానికి అది పనిచేయదు, ఊరికే షుగర్ పెరిగి ఎముకలు గుల్లవుతాయి. మెదడు లోపలికి వెళ్లి మైక్రోగ్లియా మీద పనిచేసేలా బీటీకే అనే ఎంజైమ్‌ని ఆపే బీటీకే ఇన్హిబిటర్లని మాత్రలు ట్రై చేస్తున్నారు, వాటిలో టోలెబ్రుటినిబ్ అనే మాత్ర ట్రయల్‌లో ఎటాక్స్ లేకుండా ముదిరేవాళ్లకి కొంత నెమ్మదించింది, కానీ కొందరికి లివర్ బాగా దెబ్బతింది. నెట్‌లో చూసి తెప్పించుకునే మందు కాదిది.

అన్నీ గ్లియా మీదకి నెట్టేయకండి కూడా. ఎంఆర్ఐ తలకే తీశారా, వెన్నుపాముకి కూడా తీశారా? కాలు బలహీనపడితే అది చూడాల్సిందే, మెడ దగ్గర డిస్క్ నొక్కినా ఇలాగే ఉంటుంది. యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా, మీ ఖమ్మం ఎండకి ఒళ్లు వేడెక్కినా నడక తాత్కాలికంగా దిగజారుతుంది, యూరిన్ టెస్ట్ చేయించండి, ఎక్సర్‌సైజ్ పొద్దున్నే చేయించండి. నడిచేటప్పుడు పాదం ముందుభాగం నేలకి రాసుకుంటుంటే స్ప్లింట్ పెట్టించండి, కండరాల బిగుతుకి బాక్లోఫెన్ అనే మందు ఉంది. నడకకి ఫాంప్రిడిన్ అనే మాత్ర కొందరికి బాగా పనిచేస్తుంది, ఫిట్స్ గానీ కిడ్నీ సమస్య గానీ ఉంటే మాత్రం ఇవ్వం, ఆ రెండు విషయాలూ ముందే చెప్పి మీ న్యూరాలజిస్టుని అడగండి.