ఆపరేషన్ తర్వాత నాన్నగారి అయోమయం: డిమెన్షియా కాకపోవచ్చు

తుంటి ఆపరేషన్ అయిన మూడో రాత్రి నుంచి నాన్నగారు మిమ్మల్ని గుర్తుపట్టడం లేదని, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వచ్చేసిందేమోనని రాశారు. డిమెన్షియా సాధారణంగా నెలలు, ఏళ్ల తరబడి మెల్లగా కమ్ముకుంటుంది. ఉన్నట్టుండి వచ్చి, పగలు కాస్త తేరుకుని, చీకటి పడగానే ముదిరే అయోమయాన్ని డెలీరియం అంటారు. చాలామందిలో తగ్గుతుంది, కానీ ఆలస్యం చేయకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం పడిపోవడం, మలబద్ధకం, నిద్రమాత్రలు... కారణం ఏదైనా కావచ్చు. ఈరోజే డాక్టరుకు చెప్పండి, వాడుతున్న మందులన్నీ చూపించండి.

ఇక్కడే బెంగళూరు ఆసుపత్రిలో మా అమ్మ కూడా ఇలాగే అయోమయంలో పడి, దుప్పటి అంచు పట్టుకుని పూలమాల కడుతున్నట్టు వేళ్లు ఆడించేది. ఆమెకు కళ్లజోడు పెట్టి, చుట్టూ కన్నడం వినిపించే ఆ వార్డులో పక్కనే కూర్చుని తెలుగులో మాట్లాడుతూ ఉన్నాం. నాలుగో రోజు నన్ను పేరు పెట్టి పిలిచింది. కొన్ని నెలల తర్వాత కూడా మరుపు మిగిలితే బెంగళూరులోని మెదడు, నరాల, మానసిక వ్యాధుల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో చూపించండి.