ఆట ముగిశాక కోచ్ అవుతానంటే ఆలస్యమైనట్టే

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. హనుమకొండలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాడు. జూనియర్ స్థాయిలో రాష్ట్రానికి ఫుట్‌బాల్ ఆడాడు, ఇప్పుడు యూనివర్సిటీ జట్టులో మిడ్‌ఫీల్డర్. చదువు ఆపేసి కోల్‌కతాలోనో గోవాలోనో క్లబ్బులో చేరతానంటున్నాడు. పదేళ్లు ఆడి, తర్వాత కోచ్ అవుతాడట. నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. ఇది నమ్మదగిన దారేనా?

జవాబు: దారి ఉంది. ఆడే వయసులో ఆడనివ్వండి, వద్దనకండి. నాకు అభ్యంతరమల్లా ఆ ‘తర్వాత’ అన్న మాట దగ్గరే. ఆడటం మానేసిన రోజున కోచింగ్ దానంతటదే వచ్చి ఒళ్లో పడుతుందని చాలామంది ఆటగాళ్లు అనుకుంటారు. అది వేరే విద్య. దాన్ని విడిగా నేర్చుకోవాలి, ఇప్పుడే మొదలుపెట్టాలి.

పోయిన వేసవిలో ఒక శిబిరం దగ్గర నిలబడి చూశాను. పదేళ్ల పిల్లవాడు పాస్ ఇస్తుంటే బంతి ప్రతిసారీ కుడివైపు పోతోంది. ఒకప్పుడు బాగా ఆడిన కోచ్ ‘నేనెలా కొడుతున్నానో చూడు’ అంటూ మూడుసార్లు చక్కగా కొట్టి చూపించారు. పిల్లవాడు మూడుసార్లూ తలూపాడు, బంతి మాత్రం మళ్లీ కుడివైపే పోయింది. పక్కన ఉన్న సహాయ కోచ్ వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. వాడి ఎడమ బూటును రెండు చేతులతో పట్టుకుని, బంతి వెళ్లాల్సిన వైపుకు తిప్పి పెట్టింది. తప్పు కొట్టే కాలిలో లేదు, నేల మీద ఆనిన కాలిలో ఉంది. మరుసటి బంతి తిన్నగా వెళ్లింది. మొదటి ఆయనకు ఆట వచ్చు, ఆమెకు నేర్పడం వచ్చు. మీ అబ్బాయికి రెండోది వచ్చో రాదో అతనికే ఇంకా తెలియదు.

ఈ మాటకు మన హైదరాబాద్‌లోనే పెద్ద ఉదాహరణ ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా భారత జట్టుకు కోచ్. వృత్తిరీత్యా బడి పంతులు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసినవారు. డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడుపుకుంటూ పోవడం) చేయకూడదన్న షరతుతో, అలవాటు లేని కాలితోనే ఆడాలన్న షరతుతో పోటీలు పెట్టి ఆటగాళ్లను తీర్చిదిద్దారు. ఆయన హయాంలో 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు వచ్చాయి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దక్కింది. జకార్తాలో 1962 ఫైనల్‌కు, గాయపడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో దించారు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఆ మ్యాచ్‌లో ఒక గోల్ జర్నైల్‌దే. తన దగ్గరున్న మనిషిని అంతగా ఎరిగి ఉండటమే కోచ్ పని. ఆ చరిత్ర తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది.

పేరున్న ఆటగాళ్లు కోచ్‌లుగా రాణించిన సందర్భాలూ ఉన్నాయి. హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. తర్వాత కోచ్‌గా ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు. ఈ తరంలో ఖాలిద్ జమీల్‌ను చూడమనండి. గాయాలు వెంటాడిన ఆటగాడాయన. 2009లో, 32 ఏళ్లకే ముంబై ఎఫ్‌సీ క్లబ్బు కోచ్ బాధ్యత తీసుకున్నారు. 2017లో మిజోరంకు చెందిన ఐజ్వాల్ అనే చిన్న జట్టును ఐ-లీగ్ అనే జాతీయ స్థాయి క్లబ్బుల పోటీలో విజేతగా నిలిపారు. భారత జట్టు కోచ్ పదవి 2025 ఆగస్టులో వచ్చింది. అంటే మొదటి కొలువు నుంచి అక్కడికి 16 ఏళ్లు.

ఇక చేయాల్సిన పని. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ‘డి’ కోచింగ్ లైసెన్సు కోర్సుకు 18 ఏళ్లు నిండితే చాలు, కొద్ది రోజుల్లో పూర్తవుతుంది. దాని పైన సి, బి, ఎ, ప్రో మెట్లు ఉంటాయి. ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య జట్టుతో పనిచేసి ఉండాలి కాబట్టి పై దాకా చేరడానికి ఏళ్లు పడుతుంది. ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) స్థాయిలో ప్రధాన కోచ్‌కు ప్రో లైసెన్సు తప్పనిసరి. 30 ఏళ్లకు ‘డి’ దగ్గర మొదలుపెట్టేవాడికీ, ఆడుతూనే ‘సి’, ‘బి’ దాకా వచ్చినవాడికీ ఎంత తేడా ఉంటుందో లెక్క వేసుకోండి.

డిగ్రీ మాత్రం ఆపనివ్వకండి. ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతాను. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్‌ఎల్ గెలిచింది. 2025 వచ్చేసరికి ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. అదే ఏడాది లీగ్ కూడా సమయానికి మొదలుకాలేదు. విజేత జట్టుకే ఆ గతి పడితే మొదటి కాంట్రాక్టు మీద ఉన్న కుర్రాడి సంగతేమిటి? డిగ్రీ ఉంటే పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, రెండేళ్ల వ్యాయామ విద్య కోర్సు బీపీఈడీ చేయవచ్చు, బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు కావచ్చు. అది ఓడినవాళ్ల ఉద్యోగమని మీ అబ్బాయి అంటే రహీం గారు ఏం పని చేసేవారో గుర్తు చేయండి. రైల్వే, పోలీసు క్రీడా కోటా ప్రకటనలు కూడా చూస్తూ ఉండండి. జట్టుకు ఆడుతూనే జీతం వస్తుంది.

ట్రయల్స్ ఇప్పిస్తాం, డబ్బు కట్టండి అని ఫోను చేసేవారికి రూపాయి కూడా ఇవ్వకండి. మీ జీతంలోంచి ఖర్చు పెట్టదలిస్తే ఆ డబ్బు ‘డి’ కోర్సు ఫీజుకు, ప్రయాణానికి ఉంచండి.

ఈ ఆదివారం ఉదయం దగ్గర్లోని మైదానానికి వెళ్లి, ఆడుకునే పిల్లల్లో పదిమందిని పోగుచేసి గంటసేపు పాస్ నేర్పమనండి. ఎవరికి ఏది రాలేదో, తాను ఏం చెబితే వచ్చిందో ఇంటికొచ్చి నోటుపుస్తకంలో రాసుకోవాలి. రెండు నెలలు వారం తప్పకుండా వెళితే, ఆ పుస్తకం తీసుకుని అతన్నే నాకు ఉత్తరం రాయమనండి.