ల్యాబ్‌లో పెంచిన కిడ్నీ మా నాయనకు పెడతారా?

మీ ఆరోగ్య ప్రశ్నలు: తిరుపతి డాక్టరమ్మ జవాబులు

ప్రశ్న: మేడమ్, మా నాయనకు రెండు కిడ్నీలూ పాడైపోయినాయి. డయాలసిస్‌కు వారానికి మూడుసార్లు తిరుపతికి పిలుచుకొస్తున్నాం. ల్యాబ్‌లో చిన్న చిన్న కిడ్నీలు పెంచుతున్నారని ఫోన్‌లో వీడియో చూశాను. స్టెమ్ సెల్స్ ఎక్కించి కిడ్నీని మళ్లీ బాగుచేసే చోటుందని, నాలుగు లక్షలు కడితే చాలని మా బంధువొకాయన అంటున్నాడు. మాకుండేది ఒక ఎకరా మామిడితోట. అమ్మేద్దామా? (పేరు వేయవద్దన్న పాఠకుడు, పుత్తూరు)

జవాబు: అమ్మొద్దు నాయనా. ముందు ఆ బేరం ఆపి, తర్వాత మిగతాది చదవండి.

మీరు వీడియోలో చూసింది అబద్ధం కాదు. వాటిని ఆర్గనాయిడ్లు అంటారు. 2015లో ఆస్ట్రేలియాలో మెలిస్సా లిటిల్ బృందం మనిషి మూలకణాల (స్టెమ్ సెల్స్) నుంచి కిడ్నీ ఆర్గనాయిడ్లను పెంచింది. రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్ల వంటివి వాటిలో ఏర్పడ్డాయి కూడా. అయితే ఆ ముద్ద మొత్తం కొన్ని మిల్లీమీటర్లే. మనిషి కిడ్నీ ఒక్కొక్కదానిలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లుంటాయి. పైగా ఆర్గనాయిడ్‌కు రక్తం తెచ్చే నాళం లేదు, మూత్రం బయటికి పోయే దారి లేదు. దాని కణాలు తల్లి కడుపులో ఉన్న బిడ్డ కిడ్నీ దశ దాటి ఎదగవు. అలాంటిదాన్ని మనిషికి కిడ్నీ బదులు పెట్టే చికిత్స ఇప్పుడు ఏ ఆస్పత్రిలోనూ లేదు.

మీ బంధువు చెప్పేది ఇంకొకటి. లోపాయికారీగా సాగే వ్యవహారం అది. రక్త సంబంధమైన జబ్బులకు చేసే బోన్‌మారో మార్పిడి వంటివి తప్ప, మూలకణాలతో ఏ చికిత్సనైనా అనుమతి తీసుకున్న క్లినికల్ ట్రయల్‌లోనే (మనుషుల మీద చేసే పరీక్షలోనే) చేయాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దేశంలో ట్రయల్స్‌ను నమోదు చేసే జాబితా పేరు సీటీఆర్ఐ. "మీ ట్రయల్‌కు సీటీఆర్ఐ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా?" అని ఆ చోటుకు ఫోన్ చేసి అడగండి. నిజమైన ట్రయల్ అయితే నంబరు చెబుతారు, చికిత్సకు లక్షలు కట్టమనరు.

మీ నాయనకు ఈరోజున ఉన్న దారి కిడ్నీ మార్పిడి. ఇంట్లో ఇవ్వగలిగినవాళ్లు లేకపోతే ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాలి. ఆయనకు ఆపరేషన్ తట్టుకునే శక్తి ఉందో లేదో డయాలసిస్ చూస్తున్న నెఫ్రాలజిస్టు చెప్పాలి. వచ్చే డయాలసిస్ రోజునే అడగండి, వాయిదా వేయొద్దు.

ప్రశ్న: ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆర్గనాయిడ్లకు ఆకారం ఎవరిస్తారు? అచ్చులో పోస్తారా? ఇలాంటి పరిశోధన చేయాలంటే ఎంబీబీఎస్సే చదవాలా? (విద్యార్థిని, పలమనేరు)

జవాబు: ఎవరూ ఇవ్వరు తల్లీ, అచ్చూ లేదు. ఈ విషయం మొత్తంలో నన్ను నిలబెట్టేసేది అదే.

నేను పాథాలజిస్టుని. ఉద్యోగమంతా పేగు ముక్కలు చూస్తూనే గడిచింది. బయాప్సీ ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో బిగించి, పల్చగా కోసి, రంగు వేసి చూస్తాం. కేంద్రకాలు ఊదారంగులో, మిగతాది గులాబీ రంగులో కనిపిస్తుంది. ఎంత అందంగా ఉన్నా చచ్చిపోయిన కణాలవి. 2009లో నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ ల్యాబ్‌లో తోషిరో సాటో ఎలుక పేగు నుంచి ఒకే ఒక్క మూలకణాన్ని తీసి పెంచాడు. దాన్ని మాట్రిజెల్ అనే జెల్లీలో పెడతారు. అది నెయ్యికి సరిగ్గా ఎదురు, చల్లగా ఉన్నప్పుడు నీళ్లలా ఉంటుంది, ఒంటి వేడికి గడ్డకడుతుంది. అందుకే ల్యాబ్‌లో దాన్ని ఐస్ మీద పెట్టుకుని పనిచేస్తారు. పేగులో ఆ కణానికి చుట్టుపక్కల నుంచి అందే సంకేతాలనే, అంటే ఈజీఎఫ్, నాగిన్, ఆర్-స్పాండిన్ అనే ప్రొటీన్లను, ఆహారంలో కలిపి ఇస్తారు. కొద్ది రోజుల్లో ఆ ఒక్క కణం బోలుగా ఉండే గుండ్రటి బుడగ అవుతుంది. తర్వాత బుడగ చుట్టూ మొగ్గలు తొడుగుతాయి. ఆ మొగ్గల అడుగున మూలకణాలు, వాటి పక్కన వాటికి తోడుండే పానెత్ కణాలు, పైన ఆహారాన్ని పీల్చుకునే కణాలు. నేను స్లైడు మీద చూసిన వరసే, ఎవరూ చెప్పకుండా కణాలే సర్దుకున్నాయి. ఇక్కడ మాత్రం బతికి ఉన్నాయి.

మూలకణాలు సంపాదించే రెండో దారి జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకాది. 2006లో ఎలుక చర్మ కణాలను, మరుసటి ఏడాది మనిషి కణాలను వెనక్కి తిప్పి మూలకణాలుగా మార్చాడు. అందుకు 2012లో నోబెల్ వచ్చింది. అలాంటి కణాల నుంచే వియన్నాలో మెడలీన్ లాంకాస్టర్, యూర్గెన్ నోబ్లిక్ 2013లో మెదడు ఆర్గనాయిడ్లు పెంచారు. అవీ కొన్ని మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతాయి. రక్తనాళాలు లేవు కాబట్టి నడిమధ్యకు ఆక్సిజన్ అందక అక్కడి కణాలు చనిపోతాయి.

చదువు సంగతి. ఎంబీబీఎస్ అక్కర్లేదు. మన ఏర్పేడు దగ్గరే తిరుపతి ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఉంది, ఇంటర్ తర్వాత ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సు. ప్రవేశ పరీక్షలో బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు లెక్కలూ ఉంటాయి. బైపీసీ కదా అని లెక్కలు వదిలేయకు. ఇప్పటి నుంచే రోజూ కాసేపు చెయ్యి.

ప్రశ్న: మనిషికి పెట్టడానికి పనికిరానప్పుడు వాటి మీద ఇంత డబ్బు, ఇంత శ్రమ ఎందుకండీ? (పాఠకుడు, శ్రీకాళహస్తి)

జవాబు: 1993లో అమెరికాలో ఫియాలురిడిన్ అనే మందును హెపటైటిస్-బి రోగులకు ఇచ్చి చూశారు. జంతువుల మీద పరీక్షించినప్పుడు లివర్‌కు ప్రమాదం కనిపించలేదు. ట్రయల్‌లో 15 మందికి ఇస్తే ఐదుగురు చనిపోయారు, ఇద్దరు లివర్ మార్పిడితో బతికారు. మనిషి లివర్ కణాల మీదే ముందుగా చూసుకునే వీలుంటే ఎంత బాగుండేదో మీరే చెప్పండి. ఆర్గనాయిడ్ల అసలు పని అక్కడుంది.

ఇంకొకటి చెబుతాను. సిస్టిక్ ఫైబ్రోసిస్ పుట్టుకతో వచ్చే జబ్బు. సీఎఫ్‌టీఆర్ అనే జన్యువు దెబ్బతిని, కణాల నుంచి ఉప్పు, నీరు సరిగా కదలవు. ఊపిరితిత్తుల్లో జిగట కఫం పేరుకుపోతుంది. ఆ జన్యువులో రెండు వేలకు పైగా మార్పులు గుర్తించారు. కొన్ని ఎంత అరుదంటే, ట్రయల్ పెట్టడానికి రోగులే దొరకరు. డచ్ పరిశోధకులు రోగి మలద్వారం లోపలి పొర నుంచి చిటికెడంత ముక్క తీసి ఆర్గనాయిడ్లు పెంచారు. ఫోర్స్‌కొలిన్ అనే రసాయనం వేస్తే ఆరోగ్యవంతుల ఆర్గనాయిడ్ నీరు పీల్చుకుని కళ్ల ముందే ఉబ్బుతుంది. రోగిది ఉలకదు పలకదు. మందు కలిపాక అదీ ఉబ్బిందంటే, ఆ మందు ఆ మనిషికి పట్టే అవకాశం ఉందన్నమాట. గంటల్లో తేలిపోతుంది! ఇలా చూసి మందు మొదలుపెట్టి, ఊపిరి కుదుటపడినవాళ్లున్నారు.

2016లో జికా వైరస్ పసిబిడ్డల మెదడును ఎలా చిన్నది చేస్తుందో చూపించింది కూడా మెదడు ఆర్గనాయిడ్లే. మన హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి పరిశోధకులు 2017లో కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) ఆర్గనాయిడ్లు పెంచారు. కొత్త మందుల పరీక్షల్లో ఇలాంటి పద్ధతులకు చోటిస్తూ 2023లో మన దేశ నిబంధనలనూ సవరించారు. జంతువుల అవసరం పూర్తిగా తీరలేదు. పైన చెప్పిన మాట్రిజెల్ వచ్చేదే ఎలుక కణితి నుంచి.

ప్రశ్న: మా అమ్మకు పెద్దపేగు క్యాన్సర్, లివర్‌కు కూడా పాకింది. కీమో పడుతుందో లేదో ముందే తెలుసుకోవడానికి ఆమె కణితిని ల్యాబ్‌లో పెంచి చూడొచ్చంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (పాఠకురాలు, చిత్తూరు)

జవాబు: ఆ ఆలోచన సరైనదేనమ్మా. 2018లో లండన్ పరిశోధకులు జీర్ణవ్యవస్థ క్యాన్సర్లు ఇతర భాగాలకు పాకిన రోగుల కణితుల నుంచి ఆర్గనాయిడ్లు పెంచారు. అక్కడ పనిచేయని మందు రోగిలోనూ పనిచేయలేదు. కానీ ప్రతి కణితీ పెరగదు, పెరిగినా వారాలు పడుతుంది, అమ్మ రోగనిరోధక కణాలు అందులో ఉండవు. అందుకే అది ఇంకా రోజువారీ పరీక్ష కాలేదు. దానికోసం కీమో తేదీ దాటనివ్వకండి.

ఈలోగా చేయించదగ్గ పని ఒకటుంది. బయాప్సీ చేసిన ల్యాబ్‌లో అమ్మ కణితి ముక్క మైనం బ్లాక్‌గా భద్రంగా ఉంటుంది. అందులోని కణాలు చనిపోయినవి, వాటితో ఆర్గనాయిడ్లు రావు. జన్యు పరీక్షలకు మాత్రం పనికొస్తాయి. కేఆర్ఏఎస్, ఎన్ఆర్ఏఎస్, బీఆర్ఏఎఫ్, ఎంఎస్ఐ పరీక్షలు చేశారా అని మీ ఆంకాలజిస్టును అడగండి. కీమోతో పాటు ఏ మందు కలపాలో, ఏది వద్దో నిర్ణయించడానికి అవి అవసరం. చేయకపోయి ఉంటే ఆ బ్లాక్ అడిగి తీసుకుని పంపించవచ్చు.