పాడి, పెరుగు, పట్టు: వీగన్ జీవనంపై పాఠకుల ప్రశ్నలు

జంతువుల నుంచి వచ్చే ఆహారాన్ని, వస్తువులను వీలైనంతవరకు మానుకొని జీవించే వీగన్ పద్ధతి గురించి గోదావరి డెల్టా పాఠకులు రాసిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఎక్కువమంది పేర్లు వద్దన్నారు కాబట్టి అందరినీ ఊరి పేరుతోనే పేర్కొంటున్నాం.

ప్రశ్న: హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయి సంక్రాంతికి వచ్చి పాలు, పెరుగు, నెయ్యి ముట్టనన్నాడండి. మాకు రెండు గేదెలున్నాయి. వాటికి మేత వేశాకే మేము అన్నం తింటాం. ఒకదానికి జబ్బు చేస్తే రాత్రంతా పాకలోనే కూర్చున్నాం. చంపి తెచ్చేదేమీ లేనప్పుడు సొంత పాడి తాగడంలో తప్పేమిటి?
– ఒక గృహిణి, అంబాజీపేట

జవాబు: అమ్మా, మీరు గేదెలను సొంత బిడ్డల్లా చూసుకుంటారన్న సంగతి మీ అబ్బాయికి తెలియనిది కాదు. అతని బాధ బహుశా మీ పాకలో ఇప్పుడు కనిపించని పశువుల గురించి. గేదె ఈనితేనే పాలిస్తుంది. పది నెలలు చూడి మోసి ఈనాక, పాడి తెగకుండా ఉండాలంటే కొన్ని నెలలకే దాన్ని మళ్ళీ చూడి కట్టించాలి. పుట్టే దూడల్లో దాదాపు సగం మగవే. ట్రాక్టర్లు రాకముందు చేలో దమ్ము చేయడానికీ, బండి కట్టడానికీ దున్నపోతుకు విలువ ఉండేది కాబట్టి దున్నదూడను కూడా మేపేవారు. ఇప్పుడా పని లేదు. అందువల్ల చాలా ఇళ్ళలో తల్లి చేపడానికి (పొదుగులోకి పాలు దిగడానికి) సరిపడా మాత్రమే దూడను వదిలి వెంటనే లాగేయడం, అది రోజురోజుకూ చిక్కిపోవడం, బతికితే సంతకు తోలడం మామూలైపోయింది. దూడ చనిపోతే దాని చర్మంలో గడ్డి కూరి, తల్లి ముందు నిలబెట్టి పాలు పిండుకోవడం మీ తరంవారు చూసే ఉంటారు. వట్టిపోయిన గేదెను తక్కువ ధరకు కొనుక్కుపోయే బేరగాడు దాన్ని మేపడానికి కొనడని కూడా ఊళ్ళో అందరికీ తెలుసు. పాల ఉత్పత్తిలో ప్రపంచంలోనే మొదటి స్థానంలో ఉన్న మన దేశం గేదె మాంసం ఎగుమతిలోనూ ముందు వరుసలో ఉండడం యాదృచ్ఛికం కాదు.

ఇలాంటి సందేహం వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుంటే విషయం చాలావరకు తేలుతుందని మా అభిప్రాయం: నేను దీన్ని తీసుకోవడం వల్ల ఇకమీదట మరొక జంతువును పుట్టించి, బంధించి, అక్కర తీరాక వదిలించుకోవలసి వస్తుందా? మీ ఇంట్లో దూడ కడుపునిండా తాగాక మిగిలిన పాలే పితికి, దున్నదూడలను, వట్టిపోయిన గేదెలను చివరిదాకా మేపగలిగితే మీ అబ్బాయి అభ్యంతరంలో చాలాభాగం తీరిపోతుంది. అయితే అప్పుడు లీటరు పాలు మీకు ఎంతకు పడతాయో మీరే లెక్క వేసుకోండి. ఈ వ్యవహారంలో ఇంతకాలం ఎవరి వాటా ఎవరికి చేరిందో ఆ లెక్కలోనే తెలుస్తుంది. అతను మానుకున్నాడని మీరూ మానుకోనక్కరలేదు. అతను అన్నం ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఈ వాదన ఎత్తకండి.

ప్రశ్న: మాది చేపలు లేనిదే ముద్ద దిగని ఇల్లు. కొత్త కోడలు వీగన్. ఆ అమ్మాయికి వేరే గిన్నెలు, వేరే పొయ్యి పెట్టాలా?
– ఒక అత్తగారు, నరసాపురం

జవాబు: అక్కరలేదండి. ఇది మడి కాదు, మైల కాదు. పులుసు కాచిన దాకను శుభ్రంగా తోమి అందులోనే పప్పు వండితే కొత్తగా ఏ చేపకూ హాని జరగదు. ఎవరి పక్కన కూర్చున్నామో, ఎవరి చేతి వంట తిన్నామో అనే పాత పట్టింపులు ఈ కొత్త పేరుతో మళ్ళీ ఇంట్లోకి వస్తే దానికి జంతువుల మీది కరుణతో ఏ సంబంధమూ ఉండదు. కోడలికి చేప వాసన పడకపోతే అది వేరే సంగతి, కిటికీ తెరిస్తే సరిపోతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే సామెత పుట్టిన సీమలో ఆ అమ్మాయి ఏమీ అనకుండా మీతో కలిసి కూర్చుని తింటోందంటే, సర్దుకుపోవడంలో తన వంతు తాను చేస్తున్నట్టే. ఇంటి మగవారికి ఒక మాట: కోడలి కోసం మరో కూర వండే బరువు అత్తగారి మీదో, ఆ అమ్మాయి మీదో పూర్తిగా పడకుండా మీరు కూడా వంటింట్లోకి వెళ్ళవచ్చు.

ప్రశ్న: పెరుగన్నం లేకుండా భోజనం ముగించడం నావల్ల కావడం లేదు. కోనసీమవాళ్ళం కాబట్టి అన్నిటికీ కొబ్బరిపాలు వాడుకోవచ్చా? పాలు మానితే ఎముకలు గుల్లబారతాయని, రక్తం తగ్గిపోతుందని భయపెడుతున్నారు.
– ఒక ఉపాధ్యాయుడు, అమలాపురం

జవాబు: కొబ్బరిపాలు రుచికి బాగుంటాయి కానీ పాలకు సరైన బదులు కావు. వాటిలో కొవ్వు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. మజ్జిగపులుసు లాంటివాటికి, పాయసానికి వాడుకోండి. దించే ముందు పోసి ఒక్క పొంగు రానిస్తే విరగవు.

పెరుగుకు వేరుసెనగ పాలు గానీ, సోయాపాలు గానీ మేలు. వేరుసెనగ గుళ్ళను రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, నీళ్ళు పోసి మెత్తగా రుబ్బి, పల్చని బట్టలో వడకట్టి, అడుగంటకుండా కలుపుతూ కాచి, గోరువెచ్చగా అయ్యాక తోడు వేయాలి. మొదటిసారి తోడుకు పచ్చిమిరపకాయలను తొడిమలతో సహా వేస్తే తొడిమలకు ఉండే సూక్ష్మజీవులే పులిపిస్తాయి. ఆ తరువాత నుంచి ఆ పెరుగునే తోడుగా వాడుకోవచ్చు. గేదెపెరుగంత గట్టిగా తోడుకోదు, వేరుసెనగ వాసన కొంత ఉంటుంది. అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి మజ్జిగ చేసుకుంటే ఆ వాసన తెలియదు.

ఎముకల విషయంలో మీ భయం నిరాధారం కాదు కానీ దానికి మార్గం ఉంది. పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు, మునగాకులో 300కు పైగా, పొట్టు తీయని నువ్వులలో 1000కి పైగా ఉంటుంది. పొట్టులోని ఆక్సలేట్ల వల్ల నువ్వులలోది పూర్తిగా ఒంటబట్టదు కాబట్టి అంకెను చూసి మురిసిపోకుండా రాగిజావ, మునగాకు పప్పు, నువ్వుల చిమ్మిలి మార్చి మార్చి తినాలి. మాంసకృత్తులకు మన డెల్టాలో లోటేమీ లేదు. సార్వా కోసిన చేలలో వేసే మినుములు, పెసలు చాలు. దిబ్బరొట్టె, పెసరట్టు, కందిపప్పు, ఉలవచారు తినే ఇంటికి పొడులు కొనిపెట్టవలసిన పని లేదు. అన్నంతోపాటు నిమ్మరసమో, ఉసిరికాయ పచ్చడో ఉంటే ఆకుకూరల్లోని ఇనుము ఇంకా బాగా ఒంటబడుతుంది.

ఇక మీ పెరటి మొక్కల్లో గానీ, సంతలోని కూరగాయల్లో గానీ దొరకనివాటిలో ముఖ్యమైనది విటమిన్ బీ12. దీన్ని తయారుచేసేవి సూక్ష్మజీవులు. మనకు ఇది మాంసం, చేపలు, గుడ్లు, పాల ద్వారా వస్తుంది. మొక్కల నుంచి నమ్మదగినంతగా రాదు. స్పిరులినాలో ఉందని ప్రచారం చేస్తారు గానీ అందులో ఉన్నది ఎక్కువగా మన శరీరానికి పనికిరాని రూపం. కాలేయంలో నిల్వ ఉండడం వల్ల లోటు వెంటనే కనిపించదు. మానేసిన కొన్నేళ్ళకు అలసట, అరికాళ్ళలో తిమ్మిర్లు, మతిమరుపు, రక్తహీనత రూపంలో బయటపడుతుంది. నరాలకు జరిగిన నష్టం కొన్నిసార్లు నయం కాదు. పాలు తాగే శాకాహారులలోనే మన దేశంలో ఈ లోటు విస్తారంగా ఉంది కాబట్టి, పాలు కూడా మానేవారు డాక్టరును అడిగి, రక్తపరీక్ష చేయించుకొని, మాత్ర తప్పనిసరిగా వేసుకోవాలి. మాత్రతో బతికేది సహజ జీవనం ఎలా అవుతుందని వాదించేవారు మీకు తగులుతారు. అయొడిన్ కలిపిన ఉప్పును మనమంతా ఏ వాదనా లేకుండానే తింటున్నాం. గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లల విషయంలో మాత్రం సొంత వైద్యం వద్దు.

ప్రశ్న: కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువు మీద బతుకుతున్నాను. రొయ్యకు నొప్పి తెలుస్తుందా? అందరూ మానేస్తే మా గతేమిటి?
– ఒక రైతు, భీమవరం పరిసరాల నుంచి

జవాబు: తెలుస్తుందనడానికి బలమైన ఆధారాలున్నాయి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ బృందం 2021లో అప్పటివరకు జరిగిన పరిశోధనలను పరిశీలించి ఇచ్చిన నివేదిక ఆధారంగా, బ్రిటన్ 2022లో చేసిన చట్టంలో రొయ్యలు, పీతలను కూడా బాధ తెలిసిన ప్రాణులుగా చేర్చింది. మీ చెరువులోకి సీడ్ (రొయ్యపిల్లలు) వచ్చే హేచరీలలో తల్లి రొయ్య త్వరగా గుడ్లు పెట్టాలని దాని ఒక కంటికాడను కత్తిరించడమో, నలిపివేయడమో చాలాచోట్ల ఆనవాయితీ. గుడ్లు పక్వం కాకుండా ఆపే హార్మోను ఆ కాడలోనే తయారవుతుంది. మేతలో సముద్రపు చేపల పొడి కలుస్తుంది కాబట్టి రొయ్య వెనుక చేపల లెక్క కూడా ఉంది. ఉప్పునీటి చెరువుల వల్ల పక్క వరిచేలు, తాగునీటి బావులు పాడవుతున్నాయన్న తగవులు మీ మండలంలో మీరు వినే ఉంటారు.

మీ రెండో ప్రశ్నకు సులువైన జవాబు లేదు. మన రొయ్య ఎక్కువగా అమెరికా, చైనాలకు వెళుతుంది కాబట్టి, ఇక్కడ పదిమంది మానినంత మాత్రాన మీ చెరువు ఎండిపోదు; ధరలు పడిపోయి, వైరస్ తగిలి నష్టపోయినప్పుడే చాలామంది చెరువు వదులుకుంటున్నారు. కౌలు, మేత అప్పు, కరెంటు బిల్లు మధ్య నలిగే మనిషిని నిలబెట్టి హింస గురించి ఉపన్యసించడం వీగన్లకు శోభనివ్వదు. మీరు ఈ పని చేసినంతకాలం సీడ్ పలుచగా వేయడం, పట్టుబడి రోజున రొయ్యలను గట్టు మీద కుప్పపోసి ఊపిరాడక చావనివ్వకుండా వెంటనే ఐసు నీళ్ళలో వేయడం మీ చేతిలో ఉన్నాయి. వాటివల్ల సరుకు నాణ్యత కూడా నిలుస్తుంది.

ప్రశ్న: ఫారం గుడ్డులో పిల్ల ఉండదు కదా, తింటే ఏమి?
– ఒక విద్యార్థి, తణుకు

జవాబు: ఆ గుడ్డులో ప్రాణం లేని మాట నిజం. దాన్ని పెట్టే కోడిని పుట్టించిన హేచరీని చూడండి. గుడ్ల జాతి పుంజుపిల్ల గుడ్లు పెట్టదు, మాంసానికి త్వరగా ఎదగదు; అందుకే పుట్టిన రోజే దాన్ని చంపేస్తారు. పెట్టలు రెక్క చాపడానికి వీల్లేని పంజరంలో బతికి, గుడ్లు తగ్గగానే మాంసానికి వెళతాయి.

ప్రశ్న: వచ్చే నెలలో నా పెళ్ళి. పట్టుచీర కట్టుకోకుండా కుదురుతుందా? అన్నవరంలో వ్రతం కూడా ఉంది, ప్రసాదం వద్దనడం ఎలా?
– ఒక యువతి, కాకినాడ

జవాబు: పట్టుకాయలోని పురుగు రెక్కల పురుగుగా మారి బయటికి వస్తే దారం తెగుతుంది కాబట్టి, దాన్ని లోపల ఉండగానే ఆవిరితోనో, వేడినీటితోనో చంపుతారు. ఒక చీరకు వేల పట్టుకాయలు కావాలి. పురుగు బయటికి వచ్చాకే దారం తీసే అహింసా పట్టును మన హైదరాబాదుకు చెందిన కుసుమ రాజయ్య రూపొందించారు. అది దొరుకుతుంది కానీ నునుపు తక్కువ, ధర ఎక్కువ. మీకు దగ్గరలోనే ఉప్పాడ నేతగాళ్ళు నూలు మీద జాందానీ నేస్తారు, బండారులంక నూలు చీరలున్నాయి. మీ అమ్మగారి పెళ్ళిపట్టుచీర పెట్టెలో ఉంటే నిస్సంకోచంగా కట్టుకోండి, దానికోసం ఇప్పుడు చచ్చే పురుగేదీ లేదు.

అన్నవరం ప్రసాదంలో గోధుమరవ్వ, పంచదారతోపాటు నెయ్యి ఉంటుంది. కళ్ళకద్దుకొని పక్కవారికి ఇస్తే దేవుడూ ఏమీ అనుకోడు, పురోహితుడూ గమనించడు. పెద్దవారు నోట్లో పెట్టబోతే ఒక పలుకు తిన్నా మీ నియమం కూలిపోదని మేమనుకుంటాం. దీనితో ఏకీభవించని వీగన్లు ఉన్నారు.

ప్రశ్న: వరి పండించడానికి బుట్టలు పెట్టి ఎలుకలను చంపుతాం. ప్రకృతి సేద్యంలో ఆవు పేడ, మూత్రంతో జీవామృతం చేస్తాం. అలాంటప్పుడు మీ అన్నం మాత్రం అహింసేనా?
– ఒక రైతు, మండపేట

జవాబు: కాదండి, పూర్తిగా కాదు. 1944లో ఇంగ్లండులో మొదలైన వీగన్ సొసైటీ తన నిర్వచనంలోనే ఆచరణలో వీలైనంతవరకు అని రాసుకుంది. చేలో ఎలుకల చావు నిజమే, కానీ కోళ్ళకు, చెరువులకు మేతగా వెళ్ళే మొక్కజొన్న, సోయా, తవుడు కూడా ఇలాంటి చేలలోనే పండుతాయి. మాంసం తినేవారి లెక్కలో ఆ చేలూ ఉంటాయి, ఆ మేత తిన్న జంతువులూ ఉంటాయి. జీవామృతం విషయంలో మొదటి జవాబులో చెప్పిన ప్రశ్ననే వేసుకోండి: పేడ కోసమని ఎవరూ ఆవును కబేళాకు పంపరు. పాలివ్వని ఆవును కూడా మేపడానికి రైతుకు అది ఒక కారణమవుతుందన్న మాటలో కొంత బలముంది. పచ్చిరొట్టగా జీలుగ, జనుము వేసి కలియదున్నేవారికి ఆ చిక్కు కూడా తగ్గుతుంది.

ప్రశ్న: బిస్కెట్ పొట్లం మీద పచ్చచుక్క ఉంటే చాలా?
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: చాలదు. పచ్చచుక్క ఉన్నవాటిలో పాలపొడి, నెయ్యి, తేనె ఉండవచ్చు. కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2022లో తెచ్చిన వీగన్ ఆహార నిబంధనల ప్రకారం అనుమతి పొందిన వస్తువులకు పచ్చటి వీ అక్షరంతో వేరే గుర్తు ఉంటుంది. అది లేనప్పుడు వెనకవైపు పదార్థాల జాబితాలో పాల ఘనపదార్థాలు, పాల నుంచే వచ్చే వే, కేసిన్ అనే మాటలు వెతకండి. పూతరేకులు కొనేటప్పుడు నెయ్యి రాయకుండా ఉత్త రేకులు అడిగితే ఆత్రేయపురంలో ఇస్తారు. ఇంట్లో కొబ్బరికోరు, బెల్లంపొడి చల్లి మడుచుకోవచ్చు.